పురుటికి హైదరాబాద్ వస్తే బిడ్డకి వైట్‌హౌస్ దూరమవుతుందా?

నమస్తే అండీ! వెనకాల కనిపిస్తున్నది నానక్‌రాంగూడ, అమెరికన్ కాన్సులేట్ వైపు వెళ్లే రోడ్డు. లోపలికి ఫోన్లు, కెమెరాలు రానివ్వరు కాబట్టి ముచ్చటంతా బయటే. 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి ఇక్కడికి మారింది. పాత అడ్రస్ పట్టుకుని క్యాబ్ ఎక్కకండి.

సీమంతాల్లో పెద్దమ్మలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కడ పుడితేనే ప్రెసిడెంట్ అవుతారంట కదమ్మా, ఇక్కడికెందుకొచ్చినవ్ పురుటికి?" నిజానికి అమెరికా రాజ్యాంగంలో "అమెరికా గడ్డ మీద పుట్టాలి" అని లేదు. 35 ఏళ్ల వయసు, 14 ఏళ్ల నివాసం, "నేచురల్ బార్న్ సిటిజన్" అయి ఉండటం, ఇంతే. పుట్టిన క్షణానికే పౌరసత్వం ఉంటే చాలని ఎక్కువమంది న్యాయనిపుణుల మాట. సుప్రీంకోర్టు మాత్రం నేరుగా తేల్చలేదు. కెనడాలోని కాల్గరీలో అమెరికన్ తల్లికి పుట్టిన టెడ్ క్రూజ్ 2016లో ప్రెసిడెంట్ రేసులో దిగారు. మన హైదరాబాద్‌లోనే పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. రేపు గవర్నర్ కావచ్చు, సెనేటర్ కావచ్చు. పౌరసత్వం పుట్టాక వచ్చింది కాబట్టి ప్రెసిడెంట్ పదవి రాదు, ప్రెసిడెంట్ అర్హతలే వైస్ ప్రెసిడెంట్‌కీ ఉండాలన్న 12వ సవరణ వల్ల ఆ పదవీ రాదు.

అంటే చూడాల్సింది ఆస్పత్రి ఏ ఊళ్లో ఉందని కాదు, బిడ్డ పుట్టిన రోజుకి అమ్మానాన్నల స్టేటస్ ఏంటని. ఇద్దరూ అమెరికా పౌరులైతే, అంతకుముందు ఒక్కరు అక్కడ నివాసం ఉన్నా సరిపోతుంది. ఒకరే పౌరులై, రెండోవారు ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉంటే లెక్క గట్టిది. ఆ పౌరులైన వ్యక్తి బిడ్డ పుట్టేలోపు మొత్తం 5 ఏళ్లు అమెరికాలో ఉండి ఉండాలి, అందులో 2 ఏళ్లు 14 నిండాక. ఎఫ్-1 స్టూడెంట్ వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న రోజులూ కలుస్తాయి. సెలవులకి ఊరొచ్చిన రోజులు కలవవు. ఏటా నాలుగు వారాలు వచ్చి వెళ్తే అయిదేళ్లలో 140 రోజులు పోయినట్టే.

ఇందులో ఇరుక్కునేది ఎవరో తెలుసా? అక్కడే పుట్టి, మూడేళ్లకే తల్లిదండ్రులతో గచ్చిబౌలి వచ్చేసిన పిల్లలు. ఇక్కడే స్కూలు, ఇక్కడే ఇంజినీరింగ్, తర్వాత ఏడాదిన్నర ఎంఎస్ చేసి మళ్లీ ఇక్కడికే. చేతిలో అమెరికా నీలం పాస్‌పోర్ట్ ఉంటుంది, లెక్క నాలుగున్నర దగ్గర ఆగిపోతుంది. ఇండియన్ పౌరుణ్ణో పౌరురాలినో పెళ్లి చేసుకుని ఇక్కడే బిడ్డని కంటే ఆ బిడ్డకి పుట్టుకతో అమెరికా పౌరసత్వం రాదు. తర్వాత గ్రీన్‌కార్డ్ మీద తీసుకెళ్తే, 18 లోపు రావచ్చు. పాస్‌పోర్ట్ అదే రంగు, వైట్‌హౌస్ దారి మాత్రం మూసుకున్నట్టే.

అర్హత ఉంటే కాన్సులేట్‌లో సీఆర్‌బీఏ, అంటే విదేశంలో పుట్టిన అమెరికన్ బిడ్డ నమోదు పత్రం తీసుకోవాలి. ఫీజు 100 డాలర్లు, 18 ఏళ్లు నిండేలోపు అప్లై చేయాలి, బిడ్డని వెంట తీసుకెళ్లాలి. అదే రోజు పాస్‌పోర్ట్‌కీ ఇవ్వొచ్చు, అది వేరే 135. ఎక్కువగా కాగితాల దగ్గరే ఆగుతుంది. జీహెచ్‌ఎంసీ బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు ఖాళీగా ఉంటే ముందే మీసేవలో చేర్పించండి. నాన్న ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఇనీషియల్‌గా ఉన్నా సరిచేయించుకోండి. అయిదేళ్ల రుజువుకి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లు, డబ్ల్యూ-2లు (జీతం, పన్ను పత్రాలు), పాత పాస్‌పోర్ట్ స్టాంపులు పెట్టుకోండి. చిలుకూరులో 11 ప్రదక్షిణలు మీ ఇష్టం, వీసా మీద ఉన్న రోజులకి ఐ-94 (అమెరికా రాకపోకల రికార్డు) ట్రావెల్ హిస్టరీ ప్రింట్ మాత్రం మరవొద్దు.

ఇంకో మెలిక. తల్లిదండ్రులిద్దరూ అమెరికా పౌరులే అయితే, బంజారాహిల్స్‌లో పుట్టినా బిడ్డ ఇండియన్ కాదు. 2004 డిసెంబర్ 3 నుంచి కనీసం ఒకరైనా భారత పౌరులై ఉండాలి, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. కాబట్టి బిడ్డకి పాస్‌పోర్ట్ వచ్చాక ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) అనుమతి కూడా తీసుకున్నాకే శంషాబాద్ వెళ్లండి. టికెట్ ముందే బుక్ చేస్తే డబ్బు పోతుంది.

మరి "మావాడు అక్కడ పుట్టాడు, ఇక్కడ ఎమ్మెల్యే అవుతాడు" అంటారా? మన రాజ్యాంగం పుట్టుక అడగదు. 58వ అధికరణ ప్రకారం రాష్ట్రపతికి భారత పౌరసత్వం, 35 ఏళ్లు, లోక్‌సభకి పోటీచేసే అర్హత ఉంటే చాలు. 1983లో పౌరసత్వం తీసుకున్న సోనియాగాంధీకి 2004లో ప్రధాని పదవికి చట్టపరంగా అడ్డేం లేదు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో మాత్రం ఓటు కూడా వేయలేరు. వేములవాడ కేసు గుర్తుంది కదా, అక్కడి మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు తేల్చి, 30 లక్షల ఖర్చులు వేసింది. సరైన దారి పొడుగే: ఓసీఐగా 5 ఏళ్లు, దరఖాస్తుకి ముందు 12 నెలలు ఇండియాలో నివాసం, ఆపైన నీలం పాస్‌పోర్ట్ వదులుకోవడం.