మాస్కోకి ఎవరిని పంపాం?

హోస్ట్: అందరికీ నమస్కారం. మాస్కోలో మన రాయబారుల గురించి మాట్లాడదామని ఈ వారం మాస్టారిని పిలిచాను. కాలేజీలో ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మాస్టారూ, రాయబారి అనగానే నాకు మాత్రం కృష్ణుడే గుర్తొస్తాడు.

మాస్టారు: మంచిదేగా అమ్మా. కృష్ణుడేమీ ఐఎఫ్‌ఎస్, అంటే విదేశాంగ సర్వీసు పరీక్ష పాసై హస్తినాపురం వెళ్లలేదు కదా! మేనత్త కొడుకుల తరఫున వెళ్లిన సొంత మనిషి. పక్కా పొలిటికల్ అపాయింట్‌మెంట్. మాస్కో విషయంలో ఢిల్లీ కూడా చాలాకాలం అదే చేసింది. ఎవరిని పంపారో చూస్తే, ఆ రోజుల్లో అక్కడినుంచి మనకేం కావాల్సి వచ్చిందో తెలిసిపోతుంది.

హోస్ట్: మొదట వెళ్లింది విజయలక్ష్మి పండిట్ గారు కదా?

మాస్టారు: అవును, 1947లో. సోవియట్ యూనియన్‌తో దౌత్య సంబంధాలు ఆ ఏప్రిల్‌లోనే, అంటే మనకింకా స్వాతంత్ర్యం రాకముందే కుదిరాయి. ప్రధాని సొంత చెల్లెల్ని పంపారంటే మేం మీకెంత విలువ ఇస్తున్నామో చూడండి అన్నట్టు. కానీ వాళ్ల కంట్లో మనం ఇంకా బ్రిటన్ జేబులో ఉన్నవాళ్లమే. 1949లో మనం కామన్వెల్త్‌లో, అంటే బ్రిటన్ పాత వలసల కూటమిలో కొనసాగుతామన్నాక ఆ అనుమానం ఇంకా పెరిగింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ సోవియట్ అధినేత స్టాలిన్ ఒక్కసారి కూడా కలవలేదు.

హోస్ట్: ఒక్కసారి కూడానా?

మాస్టారు: లేదు. 1949లో ఆవిడ అటునుంచి వాషింగ్టన్ వెళ్లిపోయారు. ఆ ఖాళీలో నెహ్రూ పంపింది మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ని. వెనకటికి ఆంధ్ర విశ్వకళాపరిషత్ వైస్ చాన్సలర్, అప్పటికి ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్. దేవుడి గురించి, ఉపనిషత్తుల గురించి పుస్తకాలు రాసిన మనిషిని దేవుడే లేడనే ప్రభుత్వం దగ్గరికి పంపడమేంటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. పైగా ఆయన ఆక్స్‌ఫర్డ్ ఉద్యోగం వదల్లేదు. కొన్నాళ్లు మాస్కోలో, కొన్నాళ్లు అక్కడ పాఠాలు.

హోస్ట్: పార్ట్ టైమ్ రాయబారి అన్నమాట!

మాస్టారు: (నవ్వు) అనుకోవచ్చు. కానీ ఫుల్ టైమ్ వాళ్లకి తెరుచుకోని తలుపు ఈయనకి తెరుచుకుంది. 1950 జనవరిలో ఒక రాత్రి స్టాలిన్ క్రెమ్లిన్‌కి పిలిచాడు. అక్కడ ఆయన అశోకుడి సంగతి ఎత్తారని చెబుతారు. మా దేశంలో ఒక చక్రవర్తి రక్తం పారించి గెలిచి, ఆ గెలుపు చూసి యుద్ధమే మానేశాడు, మీరూ బలంతోనే పైకొచ్చారు, ఏమో, మీకూ అలా జరగొచ్చేమో అని.

హోస్ట్: స్టాలిన్‌తోనా! నాకైతే వింటుంటేనే టెన్షన్ వస్తోంది.

మాస్టారు: దుబాసీకి ఎంత చెమట పట్టిందో మరి! స్టాలిన్ మాత్రం కోప్పడలేదు. అద్భుతాలు జరుగుతుంటాయి, నేనూ అయిదేళ్లు మతపాఠశాలలో చదివినవాణ్ణే అన్నాడట. అది నిజమే, కుర్రాడిగా ఉన్నప్పుడు తిఫ్లిస్ సెమినరీలో చదివాడు.

హోస్ట్: కబుర్లు బావున్నాయి, పని ఏమైనా జరిగిందా?

మాస్టారు: సరైన ప్రశ్న. ఆ ఏడాదే కొరియా యుద్ధం వచ్చింది. జులైలో నెహ్రూ స్టాలిన్‌కీ, అమెరికా విదేశాంగ మంత్రి అచిసన్‌కీ యుద్ధం ఆపే దారి చూడమని లేఖలు రాశారు. స్టాలిన్ సానుకూలంగా జవాబిచ్చాడు, అమెరికా ఒప్పుకోలేదు. అంటే యుద్ధం ఆగలేదు, పని కాలేదు. కానీ రెండేళ్ల కిందట మన రాయబారికి ముఖం చూపించని మనిషి ఇప్పుడు మన ఉత్తరానికి జవాబు రాస్తున్నాడు. నా లెక్కలో అదే పెద్ద మార్పు. 1952 ఏప్రిల్‌లో వీడ్కోలుకి వెళ్లినప్పుడు రాధాకృష్ణన్ స్టాలిన్ చెంప మీద, వీపు మీద మెల్లగా తట్టారట. నన్ను రాక్షసుడిలా కాకుండా మనిషిలా చూసింది మీరొక్కరే అన్నాడని ఒక మాట ప్రచారంలో ఉంది. ఆ మాట ఎంతవరకు నిజమన్నది పక్కన పెట్టు. అదే ఏడాది వచ్చిన అమెరికా రాయబారి జార్జ్ కెనన్‌ని స్టాలిన్ కలవనే లేదు. రష్యా గురించి ఆయనంత తెలిసినవాళ్లు అమెరికాలో అరుదు. అయినా అక్టోబరుకల్లా మళ్లీ మా దేశంలో అడుగుపెట్టొద్దన్నారు.

హోస్ట్: తర్వాత కె.పి.ఎస్. మీనన్ గారు. ఈయన మాత్రం అసలైన ఆఫీసరు.

మాస్టారు: ఐసీఎస్, బ్రిటిష్ కాలం నాటి సివిల్ సర్వీసు. స్వతంత్ర భారత మొదటి విదేశాంగ కార్యదర్శి. 1953 ఫిబ్రవరి 17న స్టాలిన్‌ని కలిశారు. మాట్లాడుతున్నంతసేపూ స్టాలిన్ కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో తోడేళ్ల బొమ్మలు గీస్తూ కూర్చున్నాడట. మా రైతులకి తోడేళ్లతో ఎలా వ్యవహరించాలో తెలుసు, చంపేస్తారు అన్నాడట. సరిగ్గా పదహారు రోజులకి, మార్చి 5న పోయాడు. స్టాలిన్ చివరిగా కలిసిన విదేశీ రాయబారి మీననే.

హోస్ట్: అమ్మో.

మాస్టారు: ఆ ఒక్క సాయంత్రమే అందరికీ గుర్తు. కానీ మీనన్ అక్కడ తొమ్మిదేళ్లున్నారు. అసలు కథంతా ఆ తొమ్మిదేళ్లలోనే జరిగింది. 1955లో భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీ ఒప్పందం, జూన్‌లో నెహ్రూ మాస్కో వెళ్లడం, ఆ చలికాలంలో సోవియట్ నాయకులు క్రుశ్చేవ్, బుల్గానిన్ ఇక్కడికి రావడం. స్నేహం కుదిరాక రోజువారీ పని నడిపే మనిషి కావాలి. అందుకే ఆఫీసరు. 1956లో సోవియట్ సేనలు హంగరీలో తిరుగుబాటు అణిచినప్పుడు మాత్రం ఇరకాటంలో పడ్డారు. హంగరీకీ ఆయనే రాయబారి మరి.

హోస్ట్: కొన్నాళ్లకి టి.ఎన్. కౌల్. తాష్కెంట్ టైమ్ కదా?

మాస్టారు: అవును. 1965 యుద్ధం తర్వాత పాకిస్తాన్‌తో 1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఒప్పందం, ఆ అర్ధరాత్రి దాటాక మన ప్రధాని శాస్త్రిగారు అక్కడే పోయారు. దాని మీద ఎన్ని పుకార్లు! అందులోకి దిగితే ఈ ఎపిసోడ్ తెల్లారేదాకా తెమలదు, వద్దులే. డి.పి. ధర్ దగ్గరికి వద్దాం. 1969లో ఇందిరాగాంధీ పంపారు. కాశ్మీరీ రాజకీయ నాయకుడు, ఆవిడకి బాగా దగ్గరివాడు. 1971 భారత్-సోవియట్ మైత్రీ ఒప్పందానికి పునాది వేసింది ఆయనే.

హోస్ట్: సంతకాలు ఢిల్లీలో కదా జరిగింది?

మాస్టారు: ఆగస్టు 9న, రెండు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్‌సింగ్, గ్రొమికో చేశారు. తమాషా ఏంటంటే అప్పటికి మాస్కోలో రాయబారి ధర్ కాదు, శెల్వాంకర్. లండన్‌లో హిందూ పత్రికకి పనిచేసిన జర్నలిస్టు. అయినా చివరి మాటలు తేల్చుకు రమ్మని ఇందిర పంపింది ధర్‌నే. కుర్చీలో ఒకరు, మాట చెల్లేది ఇంకొకరికి. మన ఆఫీసుల్లో చూడమూ? ధర్ 1975లో మళ్లీ మాస్కో రాయబారి అయ్యారు కానీ ఆ జూన్ 12న చనిపోయారు. అలహాబాద్ హైకోర్టు ఇందిర ఎన్నిక చెల్లదన్నదీ అదే రోజు.

హోస్ట్: అయ్యో, ఒకే రోజా! మరి తర్వాత వెళ్లిన ఐ.కె. గుజ్రాల్ గారిని కూడా నమ్మిన మనిషనే పంపారా?

మాస్టారు: ఇక్కడ కథ తిరగబడింది. ఎమర్జెన్సీ పెట్టినప్పుడు సమాచార మంత్రి ఆయనే. సంజయ్ గాంధీతో పడలేదు, శాఖ మార్చారు, 1976లో మాస్కోకి పంపేశారు. అది పదవి అనుకోవాలో, దేశం దాటించడం అనుకోవాలో నువ్వే చెప్పు. కానీ 1977లో ఇందిర ఓడిపోయి మొరార్జీ వచ్చినా ఆయన్ని కదపలేదు. కొత్త ప్రభుత్వం రష్యాకి దూరం జరుగుతుందేమోనని మాస్కోకి బెంగ. పాత మనిషే ఉంటే వాళ్లకీ ధైర్యం. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో దిగినప్పుడూ అక్కడున్నది ఆయనే. తర్వాత ప్రధాని కూడా అయ్యారు.

హోస్ట్: సోవియట్ యూనియన్ పోయాక?

మాస్టారు: 1992 నుంచి ఇప్పటిదాకా వెళ్లినవాళ్లంతా ఐఎఫ్‌ఎస్ వాళ్లే. ప్రధాని చెల్లెళ్లూ లేరు, తత్వవేత్తలూ లేరు. రొనేన్ సేన్ అప్పుడు వెళ్లి ఆరేళ్లున్నారు. ముందున్నది స్నేహం కాదు, అప్పు. పాత సోవియట్ బాకీని రూపాయల్లో ఎంతని లెక్కకట్టాలి? రూబుల్ రోజురోజుకీ పడిపోతోంది, వాళ్లు పాత రేటు అడుగుతారు, మనం కొత్త రేటు అంటాం. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ వచ్చినప్పుడు ఆ లెక్క తేలింది. 1971 ఒప్పందం స్థానంలో కొత్తది వచ్చింది, ఒకరి మీద దాడి జరిగితే ఇద్దరూ సంప్రదించుకోవాలన్న పాత రక్షణ షరతు అందులో లేదు.

హోస్ట్: రొనేన్ సేన్ అంటే అణు ఒప్పందం అప్పుడు అమెరికాలో రాయబారిగా ఉన్న ఆయనేగా?

మాస్టారు: ఆయనే. 2004లో వెళ్లారు. మాస్కోలో చేసి వాషింగ్టన్‌లోనూ చేసినవాళ్లలో విజయలక్ష్మి పండిట్ మొదటివారు. 1973లో కౌల్ కూడా వెళ్లారు. రెండు ఇళ్లూ చూసినవాళ్లు.

హోస్ట్: అయితే వచ్చేవారం వాషింగ్టన్ ఇల్లు చూద్దాం మాస్టారూ. మళ్లీ రావాలి మీరు.

మాస్టారు: వస్తానమ్మా. తాష్కెంట్ గురించి మాత్రం అడగొద్దు.