ఆయిలర్ పట్టుకున్న పెద్ద ప్రధాన సంఖ్య

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడుకుందాం. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మళ్ళీ చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ముప్ఫై ఒక్క రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఈ సంఖ్య వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుంది.

ఈ సంగతి 1772లో తేల్చి చెప్పినవారు గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్. అప్పుడాయన రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నారు. వయసు అరవై దాటింది. చూపు దాదాపుగా పోయింది.

మరి అంత పెద్ద సంఖ్యను ఎలా పరీక్షించారు? ముందు వర్గమూలం చూడాలి. ఏ సంఖ్యనైనా రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, వాటిలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. మన సంఖ్యకు వర్గమూలం 46,340 చిల్లర. కాబట్టి అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. కానీ అవే నాలుగు వేల పైచిలుకు!

ఆయిలర్ అక్కడ ఆగలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య అంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని గుర్తించారు. ఇక 2, 3, 5, 7 దేనితోనూ పని లేదు. మొట్టమొదట ప్రయత్నించాల్సింది 311. భాగించండి, శేషం 35. పోయింది. ఆ తర్వాతది ఏకంగా 1303. మధ్యలో ఉన్నవన్నీ భాగించకుండానే పోయాయి! ఇలా 46,340 దాకా వెళ్ళినా ఏదీ భాగించలేదు. లెక్కల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఎక్కడ వెతకనక్కర్లేదో ముందే తెలుసుకోవడం గొప్ప తెలివి.

2024లో కంప్యూటర్లతో కనుక్కున్న ప్రధాన సంఖ్యకు నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. సంతోషమే. అయినా నా మనసు ఆయిలర్ సంఖ్య మీదే. దాన్ని ఓపికున్న మనిషి కాగితం మీద సరిచూసుకోవచ్చు.

ఇంట్లో బడికెళ్ళే పిల్లలుంటే ఒక్క పని చేయించండి. 211, 221 ఇచ్చి, వీటిలో ప్రధాన సంఖ్య ఏదో చెప్పమనండి. పదిహేను పదిహేన్లు 225 కదా, అందుకని 2, 3, 5, 7, 11, 13 చాలు. ఈ ఆరింటితో భాగిస్తే చాలు. చాలామంది పిల్లలు 7 దగ్గరో 11 దగ్గరో విసిగి వదిలేస్తారు. 13 కూడా చూడమనండి. 211 నిలుస్తుంది. 221 మాత్రం అక్కడే, 13 పదిహేడ్ల దగ్గర దొరికిపోతుంది.