చెక్కలో దాగిన ఆనవాలు

అందరికీ నమస్కారం.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. 1958లో 19. 1959లో 3. మొత్తం 22.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అని ఒక ఊరుంది. గిబ్సన్ గిటార్ల ఫ్యాక్టరీ అప్పట్లో అక్కడ ఉండేది. ఏ ఏడాది ఏ గిటార్లు ఎన్ని బయటికి వెళ్ళాయో రాసుకున్న ఆ కంపెనీ చిట్టాల నుంచి, ఎక్స్‌ప్లోరర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌కి లెక్కగట్టిన అంకెలివి. 22 అంటే 22. ఒక క్లాసులో పిల్లలు కూడా ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు.

ఆ గిటార్ ఎలా ఉంటుందో చెప్తాను, కళ్ళు మూసుకుని ఊహించుకోండి. మామూలు గిటార్‌కి నడుము దగ్గర నొక్కు ఉంటుంది కదా, పైనా కిందా గుండ్రంగా ఉంటుంది. దీనికి ఆ గుండ్రమే లేదు. ఒక పలకని ఎదురెదురు మూలలు పట్టుకుని చెరోవైపు లాగితే ఎలా సాగుతుందో అలా ఉంటుంది, అన్నీ కోణాలే. టెడ్ మెకార్టీ గిబ్సన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, 1957లో, ఇలాంటి కొత్త ఆకారాలు మూడింటికి డిజైన్ పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు. ఎక్స్‌ప్లోరర్ ఒకటి, బాణం మొనలా ఉండే ఫ్లయింగ్ వీ ఇంకొకటి, మోడర్న్ మూడోది. ఈ మూడోదాని సంగతి మరీ విచిత్రం, కాగితం మీద బొమ్మ ఉంది కానీ అప్పట్లో తయారైంది ఇదిగో అని అందరూ ఒప్పుకునే గిటార్ ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు.

సరే, ఎక్స్‌ప్లోరర్ దగ్గరికే వద్దాం. పశ్చిమ ఆఫ్రికాలో పెరిగే లింబా అనే చెట్టు చెక్కతో చేశారు దాన్ని, ఆ చెక్కకి వ్యాపారంలో వాడే పేరు కొరీనా. లేత తేనె రంగు, అక్కడక్కడా ముదురు చారలు. ధర 247 డాలర్ల 50 సెంట్లు. పెద్దగా ఎవరూ కొనలేదు. అంతే, ఆపేశారు. ఆ తర్వాత రాక్ సంగీతం పెరిగి పెద్దదయ్యాక, 1970లలో ఎరిక్ క్లాప్టన్ లాంటి పేరున్న గిటారిస్టుల చేతుల్లో అది కనిపించాక, అప్పుడు వెతుకులాట మొదలైంది. ఆ 22 ఎక్కడున్నాయి?

వెతకడం అంటే ఎలా వెతుకుతారు, అదే ఇవాళ నేను చెప్పాలనుకున్నది.

మొదట సీరియల్ నంబర్ చూస్తారు. ఆ కాలపు గిబ్సన్ సాలిడ్ బాడీ గిటార్లకి, అంటే లోపల బోలు లేని గట్టి చెక్క గిటార్లకి, తల భాగం వెనకాల సిరాతో అచ్చు వేసేవారు, మొదటి అంకె సంవత్సరం. 8 అంటే 1958. కానీ సిరా కదా, అరిగిపోతుంది, ఎవరో మళ్ళీ రంగు వేయిస్తే మొత్తమే పోతుంది. అప్పుడు లోపల చూస్తారు. వెనక మూత తీస్తే వాల్యూమ్ తిప్పే మీటకి అడుగున గుండ్రటి లోహపు డబ్బీ ఉంటుంది, దాని మీద చిన్న అంకెలు. ఉదాహరణకి 134832 అని ఉందనుకోండి, 134 అంటే ఆ భాగం చేసిన సెంట్రలాబ్ కంపెనీ, 8 అంటే 58వ సంవత్సరం, 32 అంటే ఆ ఏడాది 32వ వారం. అంటే ఆగస్టులో తయారైన డబ్బీ. ఆ డబ్బీ మొదటినుంచీ అందులోనే ఉన్నదైతే గిటార్ అంతకంటే ముందుది కాలేదు, తర్వాతది కావచ్చు. వేలి గోరంత చోటులో ఇంత సమాచారం ఉండటం నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యమే. దాంతోపాటు టంకం కూడా చూస్తారు, పాతది మసకగా, కదలకుండా ఉందా, లేక ఎవరో మళ్ళీ కరిగించి అతికించారా అని.

ఇంకో చిక్కుంది. మిగిలిపోయిన బాడీలు కొన్ని ఫ్యాక్టరీలోనే పడి ఉండి, 1960ల మొదట్లో వాటికి భాగాలు బిగించి అమ్మారు, వాటి లోహపు భాగాలకి బంగారు పూతకి బదులు నికెల్ పూత ఉంటుంది. వాటిని లెక్కలో కలపాలా వద్దా? కలిపితే 22 దాటిపోతుంది. అందుకే వీటిని వెతికేవాళ్ళలో ఇద్దరి లెక్క ఒకటి కాదు. పైగా 1976లో గిబ్సన్ వాళ్ళే మళ్ళీ ఇదే ఆకారం మహాగని చెక్కతో చేశారు, 80లలో కొరీనాతోనూ చేశారు. బయటివాళ్ళు చేసిన నకళ్ళు సరేసరి.

ఇప్పుడు ఆలోచించండి. నంబర్ చెరిగిపోవచ్చు. లోపలి డబ్బీ మార్చేయొచ్చు. తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్పులు మార్చేయొచ్చు. రంగు మార్చేయొచ్చు. క్లాప్టన్ వాయించిన ఎక్స్‌ప్లోరర్‌కి వెనకవైపు సాగిన మూల కోసేసి ఉంటుంది, అంటే ఆకారం కూడా మార్చేయొచ్చన్నమాట. మార్చలేనిది ఒక్కటే, ఆ చెక్కలో చెట్టు వేసిన గీత.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఎక్స్‌ప్లోరర్ కాదు, ఇంకో గిటార్. అది పూర్తిగా చెప్పకుండా ముందుకి వెళ్ళలేను.

కెనడాలో రాండీ బాక్‌మన్ అని పేరున్న గాయకుడు, గిటారిస్టు. కుర్రాడిగా ఉన్నప్పుడు చిన్నాచితకా పనులు చేసి, గడ్డి కోసి, కార్లు కడిగి, 400 డాలర్లు కూడబెట్టి గ్రెచ్ అనే కంపెనీ చేసిన నారింజ రంగు గిటార్ ఒకటి కొనుక్కున్నాడు. 1957లో తయారైన 6120 మోడల్. అదంటే ఆయనకి ఎంత ప్రాణమంటే, ఊరూరా కచేరీలకి తిరుగుతూ హోటల్లో దిగితే, రాత్రి బాత్‌రూమ్‌లో పెట్టి, లారీలు లాగే గొలుసుతో కమోడ్‌కి చుట్టి తాళం వేసేవాడు. నవ్వొస్తుందేమో, నాకు మాత్రం ఆ గొలుసు సంగతి తలుచుకుంటే మనసు అదోలా అయిపోతుంది. ఎందుకంటే 1976లో టొరంటోలో ఒక హోటల్ ఖాళీ చేసే తొందరలో, ఆ గొలుసు లేని కొద్ది నిమిషాల్లో, గిటార్ పోయింది. మిగతా సామానుతో కలిపి గదిలో పెట్టారు, బిల్లు కట్టి వచ్చేసరికి లేదు.

పోలీసులకి చెప్పాడు, గిటార్ షాపులకి చెప్పాడు. దొరకలేదు. ఏళ్ళు గడిచాయి. ఆ లోటు తీరక వందలకొద్దీ గ్రెచ్ గిటార్లు కొన్నాడు. అయినా తీరలేదు, ఎలా తీరుతుంది?

2020లో, అందరూ ఇళ్ళలో కూర్చున్న ఆ కరోనా రోజుల్లో, కెనడాలోనే ఉండే ఒక అభిమానికి ఈ గిటార్ వెతకాలని బుద్ధి పుట్టింది. ఆయన దగ్గర సీరియల్ నంబర్ జాడలేం లేవు. ఉన్నది పాత వీడియోలో, పాత ఫొటోల్లో కనిపించే బొమ్మ. ఆ బొమ్మని పెద్దది చేసి చూస్తే గిటార్ ముందు భాగంలో, అంచు దగ్గర, నారింజ రంగు పూతలోంచి కనిపిస్తూ చెక్కలో చిన్న నల్లటి ముడి. మనిషి మొహాన పుట్టుమచ్చ లాంటిదన్నమాట. ఇక ఆ ముడి పట్టుకుని ఇంటర్నెట్‌లో దొరికిన నారింజ రంగు గ్రెచ్ ఫొటోలన్నీ ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోయాడు, వందల ఫొటోలు, ఇది కాదు, ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ. చివరికి జపాన్‌లో తకేషి అనే సంగీతకారుడు వాయిస్తున్న వీడియో తగిలింది. ఆయన చేతిలో అదే గిటార్. అదే చోట అదే ముడి.

తకేషి దొంగ కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. 2014లో టోక్యోలో ఒక షాపులో డబ్బిచ్చి కొనుక్కున్నాడు, దాని వెనక కథ ఆయనకి తెలియదు. ఆయనకీ అది ప్రాణమే. అందుకని వట్టినే ఇచ్చేయమని అడగలేదు. అచ్చం అలాంటిదే, అదే 1957 నాటి ఇంకో 6120 వెతికి పట్టుకుని, దాన్ని తీసుకుని బాక్‌మన్ జపాన్ వెళ్ళాడు. 2022 జులై 1న, టోక్యోలోని కెనడా రాయబార కార్యాలయంలో, ఇద్దరూ గిటార్లు మార్చుకుని, కలిసి పాట కూడా వాయించారు. పోయింది 1976లో, చేతికొచ్చింది 2022లో. మధ్యలో అది ఎన్ని చేతులు మారిందో, ఏ ఓడెక్కిందో, ఎవరికి తెలుసు.

నా మనసుకి పట్టిందేమిటంటే, ఆ ముడి ఎవరూ గుర్తు కోసం పెట్టింది కాదు. చెట్టుకి కొమ్మ మొలిచిన చోటు. ఫ్యాక్టరీలో ఎవరో మేలైన చెక్క ఏరేవాళ్ళు అయ్యుంటే దాన్ని పక్కన పడేసేవాళ్ళేమో!

ఎక్స్‌ప్లోరర్ వెతికేవాళ్ళూ ఇదే చేస్తారు. పాత కచేరీ ఫొటోలు, పత్రికల్లో పడ్డ బొమ్మలు, ఎవరి ఇంట్లోనో ఆల్బమ్‌లో ఉన్న ఫొటో, అవి దగ్గర పెట్టుకుని కొరీనా చారలు పోల్చుతారు. 1958 నుంచి 60 దాకా వచ్చిన గిబ్సన్ వాళ్ళ లెస్ పాల్ సన్‌బర్స్ట్ అనే గిటార్లకైతే ఇది ఇంకా తేలిక, వాటి ముందు భాగంలో మేపుల్ చెక్కకి పులి చారల్లాంటి గీతలుంటాయి, ఏ రెండు గిటార్లకీ ఒకేలా ఉండవు.

అందుకని ఈ రోజు మీకు చెప్పేది ఒక్కటే పని. మీ దగ్గర పాత వాద్యం ఏదైనా ఉంటే, గిటారే కానక్కర్లేదు, వయొలిన్ అయినా సరే, ముందు దాన్ని రుద్ది మెరిపించకండి. మళ్ళీ వార్నిష్ వేయించకండి. లోపల టంకం ముట్టుకోకండి. ఫొటో తీయండి. గోడకి ఆనించి దూరం నుంచి తీసే ఫొటో కాదు, దాంట్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి, లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి పడేలా పెట్టి, ముందు భాగం, వెనక భాగం, అంచులు విడివిడిగా తీయండి. గీతలు కనిపించాలి, ముడి ఉంటే ముడి కనిపించాలి, సొట్ట ఉంటే సొట్ట కనిపించాలి. నంబర్ ఉంటే అదీ తీయండి, కానీ నంబర్ ఒక్కటీ తీసి ఊరుకోకండి. తీశాక ఆ ఫొటోలు ఒక్క ఫోన్‌లోనే ఉంచకుండా ఇంకోచోట, ఇంకొకరి దగ్గర కూడా దాచి ఉంచండి. ఫోన్ కూడా పోతుంది కదా.

నమస్కారం.