స్లాబ్ పోసే రోజే వైఫై సంగతి తేలిపోతుంది

మేస్త్రీ అన్నలకు, ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లకు నమస్తే. వైఫై గురించి మాట్లాడటానికి మిమ్మల్ని ఎందుకు పిలిచారా అని కొందరికి అనిపించి ఉంటుంది. రూటర్ అమ్మేది మీరు కాదు, నెట్ కనెక్షన్ ఇచ్చేది కూడా మీరు కాదు. కానీ మహబూబ్‌నగర్‌లోనో జడ్చర్లలోనో కొత్తింట్లోకి దిగిన నెలకే “పైన బెడ్‌రూంలో నెట్ రావట్లేదు” అని ఓనరు మొత్తుకుంటున్నాడంటే, చాలాసార్లు తప్పు రూటర్‌ది కాదు. స్లాబ్ పోసేముందు వేయాల్సిన ఒక పైపు ఎవరూ వేయలేదు, అంతే. ఆ పైపు మీ చేతిలో పని.

ముందు గోడల సంగతి చూద్దాం, అది మీకు నాకంటే బాగా తెలుసు. రూటర్ నుంచి వచ్చేది రేడియో తరంగం. అందులో మనకు పనికొచ్చేవి రెండు బ్యాండ్లు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది నెమ్మదిగా ఉన్నా గోడ దాటుతుంది. రెండోది స్పీడ్ బాగా ఇస్తుంది, కానీ గోడ అడ్డొస్తే తొందరగా నీరసపడుతుంది. అడ్డం ఏమీ లేకున్నా దూరం రెట్టింపైతే సిగ్నల్ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. దానికి గోడలు తోడైతే చెప్పేదేముంది? నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పర్వాలేదు. తొమ్మిది అంగుళాల గోడ గట్టిగానే తింటుంది. స్లాబ్ అయితే లోపల కాంక్రీటుతో పాటు స్టీల్ జాలీ కూడా ఉంటుంది కాబట్టి, కింద హాల్లో పెట్టిన రూటర్ పైఅంతస్తుకు అందుతుందని నమ్ముకోవద్దు. నారాయణపేట, కోస్గి వైపు పాత రాతి మిద్దెలు చూశారు కదా, అడుగున్నర, రెండడుగుల మందం గోడలు. ఆ ఇళ్లల్లో ఒక అర్రలోంచి ఇంకో అర్రకు సిగ్నల్ వచ్చేది ఎక్కువగా దర్వాజా గుండానే. తలుపుల వరస చూసి రూటర్ జాగా నిర్ణయించాలి.

గోడలే కాదు. ఇనుప బీరువా, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు కూడా అడ్డమే. అద్దం వెనక ఉండే లోహపు పూత సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, నీళ్లు పీల్చుకుంటాయి. ఈ మధ్య ఇంకో ఫ్యాషన్ మొదలైంది. రూటర్ కనబడితే అందం చెడుతుందని దాన్ని ఎంసీబీల పక్కన రేకు డబ్బాలో పెట్టి మూత వేస్తున్నారు. అట్లా పెట్టాలంటే అసలు రూటర్ కొనకపోవడమే మంచిది, కనీసం ఆ పైసలైనా మిగులుతాయి.

“నాలుగు యాంటెన్నాల పెద్ద రూటర్ తెస్తే సరిపోదా?” అని ఓనర్లు అడుగుతారు. దీనికి జవాబు మీకు తెలిసి ఉండాలి. వైఫైలో మాట రెండు వైపులా నడవాలి. ఇప్పుడు నా చేతిలో మైకు ఉంది కాబట్టి ఆఖరి వరసకు కూడా నా మాట వినిపిస్తోంది. ఆ వరసలో ఎవరైనా మామూలు గొంతుతో అడిగితే మాత్రం నాకు వినబడదు. ఫోన్ పరిస్థితి అదే. దాని యాంటెన్నా చిన్నది, బ్యాటరీ ఆదా చేసుకోవాలి, పవర్ తక్కువ. అందుకే పెద్ద రూటర్ పెట్టినా దూరపు గదిలో ఫోన్ మీద గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో కాల్ మాత్రం తెగుతుంది. రూటర్ మాట ఫోన్‌కు చేరుతోంది, ఫోన్ మాట రూటర్‌కు చేరట్లేదు. ఇక యాంటెన్నాల లెక్కకొస్తే, నిలబెట్టిన యాంటెన్నా పక్కలకు ఎక్కువ, నెత్తి మీదికి తక్కువ పంపుతుంది. పైగదికి కొంచెమైనా అందాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచి చూడమనండి. అద్భుతాలు జరగవు గానీ ఖర్చు లేని పని.

అసలు చిక్కు ఎక్కడ మొదలవుతుందో చెప్తా. మన దగ్గర ఇప్పుడు ఊళ్లలోకి కూడా ఫైబర్, అంటే వెలుతురుతో నెట్ మోసే సన్నటి గాజు తీగ, వచ్చేస్తోంది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కాలువల్లోనే రాష్ట్ర ప్రభుత్వ నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు, రోడ్డు రెండుసార్లు తవ్వే బాధ తప్పింది. ఊరి దాకా ఆ తెలివి ఉపయోగపడింది. ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి ఏమవుతోంది? కనెక్షన్ ఇచ్చే అబ్బాయి స్తంభం నుంచి వైరు లాగి, మొదట కనబడిన కిటికీ పక్కన చిల్లి కొట్టి, అక్కడే డబ్బా బిగించి వెళ్లిపోతాడు. అతన్ని అనడానికి లేదు, రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాలి. కానీ అది ఇంటి ముందు మూల. సగం సిగ్నల్ బజారుకు పోతుంది, వెనక వంటింటికి ఏమీ మిగలదు. పాలమూరు నుంచి బొంబాయి, పుణె పోయి పని చేసుకునే మనవాళ్లు రాత్రిపూట ఇంటికి వీడియో కాల్ చేస్తే, ముసలామె ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడాల్సి వస్తోంది.

సెంట్రింగ్ మీద స్టీల్ పరిచాక మీరు ఫ్యాన్ బాక్సులు పెట్టి కరెంటు పైపులు లాగుతారు కదా, ఆ రోజే వేరుగా ఒక అంగుళం పీవీసీ పైపు వేయండి. వీధి వైపు గోడ నుంచి ఇంటి నడిమి దాకా ఒకటి. అక్కడి నుంచి పైఅంతస్తు నడిమి దాకా ఇంకోటి. టీవీ గోడకు మూడోది వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే టీవీని కేబుల్ మీదికి మారిస్తే వైఫై మీద అంత బరువు తగ్గుతుంది. కరెంటు వైరున్న పైపులోనే నెట్ కేబుల్ తోయొద్దు. 230 వోల్టుల వైరు పక్కన దాన్ని నడిపించడం ప్రమాదం, పైగా సిగ్నల్ కూడా చెడుతుంది. వంపుల దగ్గర ఎల్బో వాడకుండా పొడుగు బెండ్ వాడండి. ఫైబర్‌ను మడిచినట్టు వంచితే వెలుతురు బయటికి పోతుంది, నెట్ పడిపోతుంది. ఇప్పుడే కేబుల్ వేయడానికి ఓనరు ఒప్పుకోకపోతే తర్వాత కేబుల్ లాగడానికి పైపులో జీఐ తీగ వదిలి, రెండు వైపులా మూత బిగించండి. కాంక్రీటు పాలు లోపలికి పోయాయంటే ఆ పైపు ఇక లేనట్టే.

పైపు చివర నేల దగ్గర కాకుండా నిలబడిన మనిషి తల ఎత్తున బాక్స్ ఇచ్చి, పక్కనే ఒక సాకెట్ పెట్టండి. ఆ సాకెట్‌కు ఇన్వర్టర్ లైను ఇవ్వడం మర్చిపోవద్దు. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోతే, ఫ్యాను తిరుగుతూ నెట్ ఆగిపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కారణం ఆ ఒక్క వైరే.

ఇప్పటికే కట్టేసిన ఇళ్లలో గోడ పగలగొట్టలేం. అక్కడ షాపువాళ్లు రిపీటర్, అంటే అందిన సిగ్నల్‌ని మళ్లీ పంపే డబ్బా, అంటగడతారు. చవక రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, మళ్లీ చెప్పాలి, కాబట్టి స్పీడ్ దాదాపు సగమవుతుంది. దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెట్టేవాళ్లు ఉన్నారు. రానిదాన్ని అది ఎక్కడి నుంచి తెచ్చి పంచుతుంది? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, దారి మధ్యలో పెట్టాలి. మెష్ డబ్బాలు, అంటే ఒకదానితో ఒకటి కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చేవి, ఇంతకంటే నయం, వాటిని కేబుల్‌తో కలిపితే ఇంకా నయం. నన్నడిగితే మాత్రం గోడ వెంబడి క్లిప్పులు కొట్టి పైగదికి ఒక క్యాట్ 6 రాగి నెట్ కేబుల్ తీసుకెళ్లి, అటక మీద పడేసిన పాత రూటర్‌ను దానికి తగిలిస్తాను. పాత రూటర్‌లో డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకు అడ్రసులు పంచే పని, ఆపాలి. దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, మొదటిదానితో కలవకుండా మార్చాలి. కేబుల్‌ను ల్యాన్ పోర్టులోనే, అంటే ఇంట్లో సామాను తగిలించే పోర్టులోనే, పెట్టాలి. పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఇవ్వండి. 2.4లో ఒకటి 1వ చానల్ మీద ఉంటే రెండోది 6 మీదో 11 మీదో పెట్టండి, అప్పుడు ఒకదాని మీద ఒకటి పడవు.

పని అయ్యాక ఫోన్‌లో వైఫై కొలిచే ఉచిత యాప్ ఒకటి వేసుకుని అన్ని గదులూ తిరగండి. అంకె మైనస్‌లో చూపిస్తుంది. మైనస్ 50 అంటే దివ్యంగా ఉంది, మైనస్ 67 దాకా వీడియో కాల్ నడుస్తుంది, మైనస్ 80 దాటి ఇంకా కిందికి పోతే ఆ గది మళ్లీ చూడాలి. మైనస్ 50 కాస్తా మైనస్ 53 అయిందంటే బలం సగమైనట్టు లెక్క. ఇంటి నుంచి బావి దగ్గరి షెడ్డుకు మాత్రం రాగి కేబుల్ ఆరుబయట లాగొద్దు. పిడుగు పడితే రెండు వైపుల సామానూ పోతుంది, అక్కడికి ఫైబరే వేయాలి.

కేబుల్ కొనేటప్పుడు అసలైన రాగిదో, రాగి పూత పూసిన అల్యూమినియమో గీకి చూడండి. రెండూ ఇక్కడ బల్ల మీద పెట్టాను. కేబుల్ చివర ప్లగ్గులో ఎనిమిది తీగలూ బిగించాలి. నాలుగే బిగిస్తే 100 ఎంబీపీఎస్ దాటదు. వరస రాసుకోండి: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస. ప్లగ్గు బిగించే క్రింపింగ్ పట్టుకారు నాలుగు తెచ్చాను, ఒక్కో బల్ల దగ్గరికి ఐదుగురేసి రండి.