మీ గుమ్మం నంబరు ఎంత?

అందరికీ నమస్కారం. మైకు కాస్త దగ్గరికి జరుపుతున్నా, వెనక అరుగు మీద కూర్చున్న తాతలకి కూడా వినపడాలి కదా, వాళ్ళు చూసినన్ని వరదలు నేను చూడలేదు.

ముందు ఒక ప్రశ్న. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, ఇవి మన కూనవరం, వీఆర్ పురం వైపు చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు. మరి అక్కడ ఎన్ని అడుగులుంటే మీ ఇంటి గడప మునుగుతుందో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఐదు, ఆరు... అంతేనా?

మా పిన్నికి తెలుసు. 2022 జూలైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో నీళ్ళు ద్వారబంధం పైదాకా వెళ్ళాయి. వరద తీశాక గోడ మీద ఒండ్రు చార మిగిలితే, కడిగేసే ముందు దాని మీద మేకుతో గీత గీసి పెట్టుకుంది. అంతకన్నా పనికొచ్చేది గీత కింద రాసుకున్న రెండు అంకెలు: 54కి పెరడు, 57కి గడప. ఇప్పుడు ఫోన్‌లో 50, పెరుగుతోంది అని కనపడగానే బియ్యం బస్తాలు అటకెక్కుతాయి, మేకలు గుట్ట మీదికి పోతాయి. ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు.

ఇక అంచనా ఎలా కడతారో చెప్తాను. మన దగ్గర ఒక్క చినుకు పడకపోయినా వరద రావడం మీరు చూసే ఉంటారు. మహారాష్ట్రలో పడిన వాన వార్ధా, వైన్‌గంగల మీదుగా ప్రాణహితలోకి దిగి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, ఇంకాస్త కిందికి వచ్చాక బస్తర్ నీళ్ళతో ఇంద్రావతి తోడవుతుంది. భద్రాచలానికి ఎగువన పేరూరు దగ్గర కేంద్ర జల సంఘం వాళ్ళు మట్టం చూస్తారు. పాత వరదల్లో పేరూరులో ఇంత ఉంటే కొన్ని గంటల తర్వాత భద్రాచలంలో ఎంత వచ్చిందో లెక్కలు ఉన్నాయి కాబట్టి, వాటిని బట్టి రాబోయేది చెప్తారు. ఇదంతా ఇప్పటికే నదిలో ఉన్న నీటి లెక్క, అందుకే గురి బాగా కుదురుతుంది. ఇంకా ముందుగా, మూడు నాలుగు రోజుల ముందు కావాలంటే ఇంకా పడని వానని లెక్కలో వేసుకోవాలి, అక్కడ పొరపాటు పెరుగుతుంది. జూన్‌లో టీవీలో చెప్పే 'ఈ ఏడు వానలు మామూలు కన్నా ఎక్కువ' అన్న మాటని పట్టుకుని మాత్రం వరద సంగతి తేల్చకండి. నాలుగు నెలల వాన లెక్క వేరు, నాలుగు రోజుల కుండపోత వేరు.

మనకి ఇంకో చిక్కుంది, శబరి. అది గోదావరిలో కలిసేది భద్రాచలం దాటాక, కూనవరం దగ్గర. అంటే భద్రాచలం అంకెలో శబరి నీళ్ళు పూర్తిగా కనపడవు. పైగా గోదావరి నిండుగా ఉంటే శబరికి దారి దొరక్క వెనక్కి ఎగదన్ని చింతూరు వైపు రోడ్లు ముంచుతుంది. ఒకసారి భద్రాచలం అంకె ఒక్కటే చూసుకుని, సాయంత్రం దాకా టైముంది లెమ్మని నింపాదిగా అన్నం తిని లేచేసరికి మా బండి నిలబెట్టిన చోట చక్రాలు మునిగి ఉన్నాయి. తప్పు నాదే. అప్పటినుంచి ఎగువన కుంట అనే ఊరి దగ్గర శబరి మట్టం కూడా చూడకుండా బయల్దేరను. రెండు అంకెలూ 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్‌లో చూసుకోవచ్చు. పెరుగుతోందా, తీస్తోందా అన్నది అంకెతో పాటు చూడండి, 50 పెరుగుతున్నప్పుడు ఒక టెన్షన్, తీస్తున్నప్పుడు ఇంకో రకం.

'నూరేళ్ళకోసారి వచ్చే వరద, వచ్చేసింది కదా, ఇక మా తరంలో రాదు' అని మొన్న ఒకాయన నాతో వాదించారు. ఆ మాటకి అర్థం ఏ ఏడైనా నూటికి ఒక వంతు అవకాశం ఉందని, అంతే. నిన్నటి ఏడాది వచ్చిందని ఈ ఏడాది అవకాశం తగ్గదు. ముప్ఫై ఏళ్ళు ఉండే ఇల్లు కడితే ఆ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా అలాంటి వరద చూసే అవకాశం నూటికి 26. అప్పు చేసి ఇల్లు కట్టేవాళ్ళకి ఇది చిన్న అంకె కాదు.

సరే, గుమ్మం దగ్గర రంగు డబ్బాలు, బ్రష్‌లు పెట్టాం. భోజనాలయ్యాక వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద గీతలు గీద్దాం, బడి గోడతో మొదలుపెడదాం. 2022 గీత నేను చూపిస్తాను, 1986లో 75.6 వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మాత్రం వెనక కూర్చున్న తాతలే చెప్పాలి.