గుడ్లగూబ నాణెం మీద ఉలి గాటు

శ్రోతలకు నమస్కారం.

గ్రీసు దేశం వాడే ఒక యూరో నాణెం మీద గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. అది నిజానికి మరో నాణెం బొమ్మ. దాదాపు రెండున్నర వేల ఏళ్ల కిందట ఏథెన్స్ నగరం ముద్రించిన వెండి టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం అది. బరువు 17 గ్రాములు దాటుతుంది. ఒకవైపు శిరస్త్రాణం ధరించిన ఎథీనా దేవత, రెండోవైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక.

ఆ వెండి ఏథెన్స్ ప్రాంతంలోని లారియన్ గనులది. క్రీస్తుపూర్వం 483 ప్రాంతంలో అక్కడ వెండి విరివిగా దొరికింది. పౌరులందరూ తలా ఇంత పంచుకుందామనుకున్నారు. థెమిస్టొక్లిస్ అనే నాయకుడు వద్దని, ఆ సొమ్ముతో యుద్ధనౌకలు కట్టించాడు. మూడేళ్లకు సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని మట్టికరిపించడంలో ఆ నౌకలదే ప్రధాన పాత్ర. గనుల్లో వెండి తవ్విన బానిసల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఈ నాణేలను సుత్తితో కొట్టి ముద్రించేవారు కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. దేవత శిరస్త్రాణం మీది తురాయి అంచు దాటిపోకుండా పూర్తిగా పడితే సేకర్తలు ఎగబడి కొంటారు. మీద ఉలి గాటు ఉంటే ధర పడిపోతుంది. నన్నడిగితే గాటు పడ్డ నాణేన్నే ఎంచుకుంటాను. వెండిని తూకానికి తీసుకునే ఈజిప్టు వంటి చోట్ల, లోపల రాగి ఉందేమోనని అనుమానించి పెట్టిన గాటు అది. ఆ అనుమానం ఊరికే రాలేదు. స్పార్టాతో సాగిన పెలొపొనీసియన్ యుద్ధం చివర్లో ఖజానా ఖాళీ అయినప్పుడు ఏథెన్సే రాగికి వెండి పూత పూసి చలామణీ చేసింది!

క్రీస్తుపూర్వం 375 నాటి ఏథెన్స్ శాసనం ఒకటి దొరికింది. దాని ప్రకారం బజారులో నాణేల పరీక్షకుడు కూర్చోవాలి. అతడూ బానిసే. పూత నాణెం కనబడితే అక్కడికక్కడే కోసెయ్యాలి. అతడు మంచిదన్న నాణేన్ని కాదన్న వర్తకుడి సరుకు జప్తు. పరీక్షకుడు పని ఎగ్గొడితే 50 కొరడా దెబ్బలు.

గుడ్లగూబ నాణేలు వేలల్లో దొరికాయి. అరుదైనది దీని పెద్దన్న, సుమారు 43 గ్రాముల డెకాడ్రాక్మ్, అంటే పది డ్రాక్మాల నాణెం. 1984లో టర్కీలోని ఎల్మలి దగ్గర బయటపడిన నిధిలో అవి కొన్ని ఉన్నాయి. దాదాపు 1,900 నాణేల ఆ నిధిని దొంగచాటుగా దేశం దాటించారు. అందులో అధికభాగం ఏళ్లతరబడి నడిచిన దావా తర్వాత, 1999లో అమెరికా నుంచి టర్కీకి తిరిగి చేరింది. అందుకే నాణెం చేతిలోకి తీసుకునే ముందు, అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో చూపే కాగితాలు అడగండి. అమ్మేవాడు తడబడితే బేరం అక్కడితో ఆపేయండి.

నమస్కారం.