నేరశాస్త్ర విద్యార్థి – చదువు, రాత

శ్రోతలకు నమస్కారం.

నేరశాస్త్రం చదివే విద్యార్థి మన దేశంలో తరచుగా ఆశ్రయించే గ్రంథం ‘క్రైమ్ ఇన్ ఇండియా’. 1953 నుంచి వెలువడుతున్న ఈ వార్షిక నివేదికను ఇప్పుడు ఎన్‌సీఆర్‌బీ, అంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో, ప్రచురిస్తోంది. అందులోని పట్టికలు చూసి ఫలానా రాష్ట్రంలో నేరాలు పెరిగాయని రాసెయ్యడం సులభమే కాని, నేరాలు పెరగడం వేరు, పోలీసులు నమోదు చేసే కేసులు పెరగడం వేరు అని ఆ నివేదికే హెచ్చరిస్తుంది. పైగా, ఒకే కేసులో అనేక నేరాలు ఉన్నప్పుడు వాటిలో అత్యంత తీవ్రమైన దానినే లెక్కిస్తారు కనుక, దొంగతనానికి వచ్చినవాడు ఇంటి యజమానిని చంపితే ఆ ఘటన హత్యల కింద చేరుతుంది, దొంగతనాల కింద కనిపించదు. అందుచేత పట్టిక కన్నా ముందు, లెక్కించిన పద్ధతిని వివరించే పేజీలు చదవాలి. చాలామంది దాటవేసేది ఆ పేజీలనే.

పాత రికార్డుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించింది. 1911 తరువాత అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలై, బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో స్థిరపరచిన ఎరుకల కుటుంబాల దాకా వచ్చింది. చట్టం కిందికి వచ్చినవారు హాజరు పలకకపోయినా, అనుమతి లేకుండా ఊరు దాటినా శిక్షార్హులే. పొరుగూరికి వెళ్లడమే నేరమైనచోట శిక్షలు పెరగక తప్పదు గదా! ఆ శిక్షల సంఖ్యను వారి నేరస్వభావానికి రుజువుగా ఎత్తి రాసే విద్యార్థి, 1952లో దేశమంతటా రద్దైన చట్టపు తీర్పును తన వ్యాసంలో మళ్లీ అమలు చేస్తున్నాడు. ఇది కేవలం పరిశోధన లోపం కాదు, ఇప్పటికీ ఆ ముద్రను మోస్తున్నవారికి చేసే అన్యాయం కూడా.

రాయడం అలవడాలంటే కోర్టు తీర్పులకు మించిన పాఠ్యం లేదని నా నమ్మకం. ఈ-కోర్టుల వెబ్‌సైటులో అవి ఉచితంగా దొరుకుతాయి. క్రిమినల్ కేసు తీర్పులో సాధారణంగా ప్రాసిక్యూషన్ కథనం మొదట వస్తుంది. అక్కడ ఆగి, ఆ కథనంలో చూసినవారు చెప్పినదేదో, విన్నవారు చెప్పినదేదో, పోలీసులు ఊహించినదేదో విడదీసి, మీ అభిప్రాయాన్ని కారణాలతో సహా ఒక పేజీ రాయండి. ఆ తరువాతే న్యాయమూర్తి విశ్లేషణ చదివి, ఆయన ప్రశ్నించిన సాక్ష్యాలలో మీరు ప్రశ్నించకుండా నమ్మినవి ఏవో గుర్తు పెట్టుకుని, ఆ పేజీని తిరగరాయండి.